బహిరంగ స్థలంలో పరాయి ముఖం: చిత్రీకరణకు చట్టం, నీతి గీసే హద్దులు

ముక్కూ మొహం తెలియని మనిషిని బహిరంగ స్థలంలో కెమెరాతో తీయడం ఒకే పనిలా కనిపిస్తుంది. నిజానికి అందులో మూడు పనులు ఉన్నాయి. తీయడం మొదటిది, తీసినదాన్ని దాచి ఉంచడం రెండోది, నలుగురి ముందు పెట్టడం మూడోది. భారతదేశంలో చట్టం మొదటి పనిని చాలావరకు స్వేచ్ఛగా వదిలేసింది. రెండోదాన్ని ఇటీవలే పట్టించుకోవడం మొదలుపెట్టింది. మూడోదాన్ని కొన్ని రకాల దృశ్యాల విషయంలోనే శిక్షిస్తోంది. మనిషికి జరిగే నష్టం మాత్రం ఎక్కువగా మూడో పనిలోనే ఉంది. ఈ మూడింటినీ విడివిడిగా తూచి, చట్టం ఎందాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో, ఆగిన చోట నీతి ఏం చెప్పాలో పరిశీలించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

చూడటం, తీయడం

రైతుబజారులో టమాటాలు బేరమాడుతున్న మనిషిని దారిన పోయేవాళ్లు పది మంది చూస్తారు. ఆ చూపుల మీద అతనికి అభ్యంతరం ఉండదు, ఉన్నా చెల్లదు. వీధిలోకి వచ్చినవాడు నలుగురి కంట పడక తప్పదు. "చూస్తే తప్పు లేనప్పుడు తీస్తే తప్పేమిటి" అన్న వాదన ఇక్కడి నుంచే పుడుతుంది.

ఈ వాదన మూడు తేడాలను వదిలేస్తుంది. చూసినవాళ్లు ఇల్లు చేరేలోపు మరచిపోతారు, కెమెరా మరచిపోదు. చూసేవాళ్లు ఎవరో చూడబడే మనిషికీ కనిపిస్తారు కాబట్టి ముఖం తిప్పుకోవచ్చు, పక్కకు తప్పుకోవచ్చు, "ఏంటలా చూస్తున్నావ్" అని నిలదీయవచ్చు. ఫోన్ తెర అవతల చూసే లక్ష మందిని అలా నిలదీసే వీలు లేదు. ఇక మూడోది సందర్భం. బజారులో ఉన్నవాళ్లకు గొడవ ఎలా మొదలైందో, ఎవరు ముందు చెయ్యెత్తారో తెలుసు. పదిహేను సెకన్ల రీలులో చివరి చెంపదెబ్బ ఒక్కటే మిగులుతుంది.

వీధిలో నడిచే మనిషి అక్కడున్నవాళ్ల చూపుకు ఒప్పుకున్నట్టే. ఆ ఒప్పుకోలు శాశ్వతమైన రికార్డుకు, ఊరూరి ప్రదర్శనకు కూడా వర్తిస్తుందని చెప్పాలంటే వేరే కారణం చూపాలి. ఆ కారణం ప్రజాప్రయోజనం కావచ్చు, కళ కావచ్చు, నేరానికి సాక్ష్యం కావచ్చు. ఏదీ లేనప్పుడు మిగిలేది తీసినవాడి సౌకర్యం మాత్రమే.

కెమెరా జనం చేతికి వచ్చాక

ఫొటోగ్రఫీ పుట్టిన తొలి రోజుల్లో ఈ సమస్య లేదు. బొమ్మ పడాలంటే మనిషి కదలకుండా కూర్చోవాలి, అంటే అతని సమ్మతి తప్పనిసరి. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కోడక్ కెమెరాను మార్కెట్లోకి తెచ్చాడు. వంద బొమ్మలకు సరిపడే ఫిల్ముతో చేతిలో పట్టే పెట్టె అది. ఎవరినైనా, ఎక్కడైనా, వాళ్లకు తెలియకుండా తీసే అవకాశం మామూలు మనిషికి చిక్కింది. రెండేళ్లకే, 1890లో, శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు హార్వర్డ్ లా రివ్యూలో గోప్యత హక్కు గురించి రాసిన వ్యాసం ఆధునిక చర్చకు పునాది వేసింది. వాళ్ల ఆందోళనకు కారణాల్లో క్షణంలో పడే ఫొటోలు, వాటిని అచ్చేసే పత్రికలు ముఖ్యమైనవి.

అక్కడి నుంచి చట్టం రెండు దారులు పట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక అమ్మాయి బొమ్మను ఆమెకు చెప్పకుండా పిండి మిల్లు ప్రకటనల మీద వేలాదిగా అచ్చేశారు. ఆమెకు హక్కేమీ లేదని 1902లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. జనం మండిపడ్డారు. 1903లో శాసనసభ చట్టం చేసి, అనుమతి లేకుండా ఎవరి పేరునైనా బొమ్మనైనా వ్యాపార ప్రకటనలకు వాడటాన్ని నిషేధించింది. అమెరికా దారి అది: బొమ్మతో సొమ్ము చేసుకుంటున్నారా లేదా అన్నదే ప్రధాన ప్రశ్న.

జర్మనీ దారి వేరు. 1898లో మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు దొంగతనంగా ఆ ఇంట్లోకి చొరబడి మృతదేహాన్ని ఫొటో తీశారు. ఆ బొమ్మను అడ్డుకోవడానికి అక్కడి కోర్టు చొరబాటు సూత్రాన్ని ఆసరాగా తీసుకోవలసి వచ్చింది, ఎందుకంటే బొమ్మ మీద మనిషికి హక్కు ఉందని చెప్పే చట్టమే లేదు. ఆ లోటు తీరుస్తూ 1907లో వచ్చిన చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. మనిషి బొమ్మను ప్రచురించాలన్నా ప్రదర్శించాలన్నా ఆ మనిషి సమ్మతి కావాలని అది చెబుతుంది. సమకాలీన చరిత్రకు సంబంధించిన వ్యక్తులు, దృశ్యంలో యాదృచ్ఛికంగా పడ్డవాళ్లు, సభల్లో ఊరేగింపుల్లో పాల్గొన్నవాళ్లు మినహాయింపులు. ఆ మినహాయింపులో కూడా మనిషి న్యాయమైన ప్రయోజనానికి దెబ్బ తగలకూడదు. తీయడాన్ని వదిలి, నలుగురిలో పెట్టడాన్ని పట్టుకున్న చట్టం ఇది.

సుబ్బారావు భిన్నాభిప్రాయం, పుట్టస్వామి తీర్పు

భారతదేశంలో ఈ చర్చ కెమెరాతో కాక పోలీసు నిఘాతో మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై దోపిడీ కేసు సాక్ష్యాలు లేక వీగిపోయింది. అయినా పోలీసులు అతని పేరిట హిస్టరీ షీట్ తెరిచి, రాత్రివేళ ఇంటి తలుపు తట్టడం, కదలికలు కనిపెట్టడం కొనసాగించారు. 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ న్యాయమూర్తులు రాత్రి సోదాలను కొట్టేశారు కానీ, గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నారు. మనిషి వెంట కన్నేసి తిరగడంలో రాజ్యాంగ విరుద్ధమేమీ కనిపించలేదు వాళ్లకు.

ఆ ధర్మాసనంలో భిన్నాభిప్రాయం రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన వ్యక్తి. రాజ్యాంగంలో గోప్యత అన్న మాట లేకపోయినా అది వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమన్నారు. ఈ ఉపన్యాసానికి మరింత ముఖ్యమైనది ఆయన చెప్పిన రెండో మాట. మనిషి అడుగు తీసి అడుగు వేయగలగడం ఒక్కటే సంచార స్వేచ్ఛ కాదు. అడుగడుగునా ఒక కన్ను కాపు కాస్తోందని తెలిసినవాడి నడక స్వేచ్ఛగా సాగదు. బాహ్యంగా కట్టు లేకపోయినా మనసుకు కట్టు పడుతుంది. వీధిలో ఉన్న మనిషికి కూడా కాపాడుకోవలసింది ఒకటి ఉందని ఆయన అప్పుడే గుర్తించారు.

ఆ అభిప్రాయం చట్టం కావడానికి యాభై నాలుగేళ్లు దాటింది. ఈలోగా 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, అనుమతి లేకుండా ఎవరి వ్యక్తిగత విషయాలనైనా ప్రచురిస్తే నష్టపరిహారానికి బాధ్యులవుతారని చెప్పింది. బహిరంగ రికార్డుల్లో ఉన్న విషయాలకు, ప్రభుత్వ అధికారుల విధి నిర్వహణకు మినహాయింపు ఇచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం జస్టిస్ పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన మనిషి గోప్యతను వదులుకున్నట్టు కాదని, గోప్యత స్థలానికి కాక మనిషికి అంటిపెట్టుకుని ఉంటుందని ఆ తీర్పు స్పష్టం చేసింది. ప్రభుత్వం ఈ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, జోక్యం ఆ లక్ష్యానికి తగిన మోతాదులో ఉండాలి.

అయితే ప్రాథమిక హక్కు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది. వీధిలో ఫోన్ పట్టుకున్నది ప్రభుత్వం కాదు, పక్క వీధి కుర్రాడు. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కొన్ని ప్రాథమిక హక్కులను ప్రైవేటు వ్యక్తుల మీద కూడా కోరవచ్చని మెజారిటీతో చెప్పింది. సూత్రంగా ఇది పెద్ద అడుగు. ఆచరణలో మామూలు మనిషికి పనికొచ్చేది మాత్రం సాధారణ చట్టాలే.

శిక్షాస్మృతి దేన్ని నేరమంటుంది

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, ఏకాంత సమయంలో ఉన్న మహిళను దొంగచాటుగా చూడటాన్నీ, చిత్రీకరించడాన్నీ, ఆ చిత్రాన్ని పంచడాన్నీ శిక్షిస్తుంది. మొదటిసారి ఏడాది నుంచి మూడేళ్ల జైలు, మళ్లీ చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. 2013 సవరణతో పాత శిక్షాస్మృతిలో చేరిన 354సి సెక్షన్‌కు ఇది కొత్త రూపం. ఇందులో ఒక వివరణ గమనించదగ్గది: బొమ్మ తీయడానికి ఒప్పుకున్న మహిళ దాన్ని ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే, పంపడం నేరమే. తీయడం, పంచడం వేర్వేరని శిక్షాస్మృతి కూడా ఒక మూలన ఒప్పుకుందన్న మాట.

సమాచార సాంకేతిక చట్టంలోని 66ఈ సెక్షన్ మరో అడుగు వేస్తుంది. సమ్మతి లేకుండా ఎవరి మర్మావయవాల చిత్రాన్నైనా తీసినా, ప్రచురించినా, పంపినా మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇక్కడ బాధితులు ఆడైనా మగైనా కావచ్చు. బాధితులు ఉన్నది బహిరంగ స్థలమా, ప్రైవేటు స్థలమా అన్నది అనవసరమని ఈ సెక్షన్ నేరుగా చెబుతుంది. బస్సు మెట్ల కింద నుంచో, ఎస్కలేటర్ మీద నుంచో దొంగచాటుగా తీసే వీడియోలు దీని పరిధిలోకి వస్తాయి.

పిల్లల విషయంలో, లైంగిక నేరాల బాధితుల విషయంలో చట్టం మరింత కఠినం. పోక్సో చట్టం 23వ సెక్షన్ బాధిత బాలల పేరు, ఫొటో, చిరునామా, బడి, ఇరుగుపొరుగు వివరాలను మీడియా బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లలకూ అదే రక్షణ ఇస్తుంది. న్యాయ సంహిత 72వ సెక్షన్ లైంగిక దాడి బాధితుల గుర్తింపును కాపాడుతుంది.

వీటన్నింటి మధ్యలో ఒక పెద్ద ఖాళీ ఉంది. నిండుగా బట్టలు కట్టుకుని రోడ్డు మీద నడిచిపోయే మహిళను ఎవరో జూమ్ చేసి తీసి, పాట తగిలించి పోస్ట్ చేస్తే ఏ సెక్షన్? 77 వర్తించదు. ఇంటి ముందు నిలబడి ఉన్న మహిళ ఫొటో తీసిన కేసులో 2024లో కేరళ హైకోర్టు ఈ మాటే చెప్పింది: ఏకాంత చర్య లేని చోట పాత 354సి కింద నేరం నిలవదు. 66ఈ కూడా వర్తించదు. మిగిలేది 79వ సెక్షన్. మహిళ గౌరవాన్ని అవమానించే ఉద్దేశంతో ఆమె గోప్యతలోకి చొరబడటాన్ని అది శిక్షిస్తుంది, కానీ ఆ ఉద్దేశాన్ని రుజువు చేయాలి. 2025 జులైలో బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో మహిళలను వాళ్లకు తెలియకుండా తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్న ఒక యువకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు. ఆ వీడియోల్లో ఒకదానిలో ఉన్న యువతి తనంతట తాను బయటికొచ్చి మాట్లాడే వరకు అవి నడుస్తూనే ఉన్నాయి. అదే పరిస్థితిలో ఉన్న మగవాడికి పరువునష్టం తప్ప దాదాపు ఏ సెక్షనూ లేదు. జరిగింది జరిగినట్టు చూపిన వీడియోలో పరువునష్టం నిరూపించడం అంత తేలిక కాదు.

డేటా చట్టం, కాపీరైటు, స్థలం యజమాని

మనిషి ముఖం కూడా వ్యక్తిగత డేటాయే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ ఖాళీని పూరిస్తుందన్న ఆశ సహజం. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు దశలవారీగా సాగాలి. కానీ 3వ సెక్షన్ ప్రకారం, ఒక వ్యక్తి సొంత అవసరానికో ఇంటి అవసరానికో వాడే డేటాకు చట్టం వర్తించదు. యాత్రలో తీసుకున్న సెల్ఫీ వెనకాల నిలబడ్డవాళ్ల గురించి ఎవరూ చిక్కుల్లో పడరు, అది సబబే. లక్షల మంది చందాదారులతో డబ్బు సంపాదించే ఛానల్‌ను సొంత అవసరం అనగలమా అన్నది ముందు ముందు తేలవలసిన ప్రశ్న. మనిషి తానే బహిరంగపరచిన డేటాకూ చట్టం వర్తించదు. వీధిలో నడవడం డేటాను బహిరంగపరచడం కిందకు రాదని పుట్టస్వామి తీర్పు వెలుగులో గట్టిగా వాదించవచ్చు.

కాపీరైటు వల్ల బొమ్మలోని మనిషికి ఒరిగేదేమీ లేదు. 1957 కాపీరైటు చట్టం దృష్టిలో ఫొటోకు కర్త దాన్ని తీసినవాడే. "నా ఫొటో" అని అందరూ వాడుకగా అనేది చట్టం దృష్టిలో అవతలివాడి ఫొటో.

జనం తిరిగే ప్రతి చోటూ బహిరంగ స్థలం కాదు. మాల్, సినిమా హాలు, ఆసుపత్రి, గుడి, ఇవన్నీ ఎవరో ఒకరి నిర్వహణలో ఉంటాయి. అక్కడి నియమం వాళ్లది. తిరుమల శ్రీవారి ఆలయంలోకి సెల్‌ఫోన్ అనుమతించకపోవడం ఇలాంటి నియమమే. అధికార రహస్యాల చట్టం, 1923 కింద నిషిద్ధ స్థలాలుగా గుర్తించిన రక్షణ స్థావరాలను చిత్రీకరించడం దీనికి పూర్తిగా వేరైన నేరం.

సర్కారు కెమెరా, సర్కారుపై కెమెరా

హైదరాబాద్ దేశంలో ఎక్కువ సీసీ కెమెరాలున్న నగరాల్లో ఒకటి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువగా గుమిగూడే దుకాణాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థల వంటివన్నీ కెమెరాలు పెట్టుకోవాలని, వీడియోలను ముప్పై రోజులు దాచాలని నిర్దేశించింది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన ఇంటిగ్రేటెడ్ కమాండ్ కంట్రోల్ సెంటర్ ఈ కెమెరాల దృశ్యాలను ఒకచోట చేర్చే కేంద్రం. 2014లో మొదలైన పోలీసుల షీ టీమ్స్ సిబ్బంది మఫ్టీలో తిరుగుతూ, బస్టాపుల్లో మహిళలను వేధించేవారిని చిత్రీకరించి ఆ వీడియోలనే సాక్ష్యంగా చూపుతున్నారు. అపరిచితుణ్ని వీధిలో దొంగచాటుగా తీయడం ఇక్కడ ఒక మహిళ స్వేచ్ఛను కాపాడే పని అయింది.

అదే నగరంలో 2021లో, కోవిడ్ రోజుల్లో, పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను రోడ్డు మీద ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన ఒప్పుకోకపోయినా ఫొటో తీసుకున్నారు. ఆ ముఖాన్ని ఏ డేటాబేసుతో పోల్చారు, ఎన్నాళ్లు దాస్తారు, ఏ చట్టం కింద తీశారు అని ఆయన అడిగారు. ముఖ గుర్తింపు సాంకేతికతకు చట్టబద్ధమైన ఆధారమే లేదంటూ వేసిన ఆయన పిటిషన్‌పై 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. పుట్టస్వామి తీర్పు చెప్పిన మూడు షరతుల్లో మొదటిదే, చట్టం ఉండాలన్నదే, ఇక్కడ ప్రశ్న. దాచడం అనే రెండో పని ప్రభుత్వం చేతిలో ఎంత బరువెక్కుతుందో చూపే ఉదాహరణ ఇది.

కెమెరా ఎదురు తిరిగినప్పుడు లెక్క మారుతుంది. విధుల్లో ఉన్న అధికారికి ఆ విధుల విషయంలో గోప్యత లేదని రాజగోపాల్ తీర్పే చెప్పింది. పోలీసు స్టేషన్ అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ స్థలం కాదని, అక్కడ వీడియో తీయడం ఆ చట్టం కింద నేరం కాదని 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం తేల్చింది. పోలీసు స్టేషన్లన్నింటిలో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టే ఆదేశించింది. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడపై పోలీసు మోకాలు పెట్టినప్పుడు, పక్కనే ఉన్న పదిహేడేళ్ల డార్నెల్లా ఫ్రేజియర్ ఫోన్ తీయకపోయి ఉంటే ఆ మరణం ఒక పోలీసు నివేదికలో నాలుగు పంక్తులుగా ముగిసేది. 2021లో పులిట్జర్ బోర్డు ఆమెకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. వీధిలో తీయడాన్నే నిషేధిస్తే ముందుగా మూగబోయేది ఇలాంటి సాక్ష్యమే.

మూడు తీర్పులు

ఒకే ప్రశ్నకు మూడు న్యాయస్థానాలు ఇచ్చిన సమాధానాలు ఇక్కడ పక్కపక్కన పెట్టి చూడదగ్గవి.

కెనడాలోని మాంట్రియల్‌లో పదిహేడేళ్ల అమ్మాయి ఒక భవనం మెట్ల మీద కూర్చుని ఉండగా ఒకరు ఫొటో తీశారు. బొమ్మలో అసభ్యత లేదు, అవమానం లేదు. చిన్న సాహిత్య పత్రిక దాన్ని అచ్చేసింది. తోటి విద్యార్థులు ఆమెను ఆటపట్టించారు. 1998లో కెనడా సుప్రీంకోర్టు, క్యూబెక్ చట్టం ప్రకారం మనిషికి తన రూపంపై హక్కు ఉందని, రెండు వేల డాలర్ల పరిహారం సరైనదేనని తీర్పు చెప్పింది.

న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఫిలిప్ లోర్కా డికోర్సియా అనే ఫొటోగ్రాఫర్ దాచిపెట్టిన లైట్లతో దారిన పోయేవాళ్ల ముఖాలు తీసి గ్యాలరీలో ప్రదర్శించాడు. అందులో ఒకరు సంప్రదాయ యూదు వృద్ధుడు, తన మతం రీత్యా అది తప్పని దావా వేశాడు. 2006లో కోర్టు కొట్టేసింది. అది కళ, వ్యాపార ప్రకటన కాదు కాబట్టి 1903 నాటి చట్టం వర్తించదంది, దావా వేయవలసిన గడువు కూడా దాటిందంది.

మూడోది ఇంగ్లండ్‌లోని బ్రెంట్‌వుడ్ పట్టణంలో జరిగింది. 1995లో ఒక రాత్రి, తీవ్రమైన మానసిక వేదనలో ఉన్న వ్యక్తి కత్తి పట్టుకుని ప్రధాన వీధిలో నడుస్తూ సీసీ కెమెరాకు చిక్కాడు. ఆత్మహత్యకు ప్రయత్నించిన ఆ మనిషిని కెమెరా గది సిబ్బంది పోలీసులకు చెప్పి కాపాడారు. తర్వాత పట్టణ మండలి, తమ కెమెరాలు ఎంత బాగా పనిచేస్తాయో చాటుకోవడానికి ఆ దృశ్యాలను పత్రికలకు, టీవీకి ఇచ్చింది. ముఖాన్ని సరిగా కప్పలేదు, తెలిసినవాళ్లు గుర్తుపట్టారు. 2003లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ ప్రచురణ అతని గోప్యతను భంగపరచిందని తీర్పు చెప్పింది. కెమెరా పెట్టడం తప్పు కాదు, ఆ రాత్రి అతన్ని చూడటం అసలే తప్పు కాదు, అదే అతన్ని బతికించింది. తప్పు జరిగింది ఆ వీడియో గది దాటినప్పుడు. తీయడానికీ పంచడానికీ మధ్య ఉన్న గీతను ఇంత తేటగా చూపే తీర్పు మరొకటి అరుదు.

చట్టం ఆగిన చోట

హైదరాబాద్‌లో శుక్ర, శనివారాల రాత్రుల్లో జరిగే డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. కానిస్టేబుల్ చేతిలో బ్రెత్ ఎనలైజర్ ఉంటుంది. ఆ పక్కనే నాలుగైదు మైకులు, ఫోన్ల లైట్లు. కారు దిగిన యువతి చున్నీయో, చేతిసంచో, చివరికి అరచెయ్యో ముఖానికి అడ్డం పెట్టుకుని తల దించుకుని నడుస్తుంది. కెమెరా ఆమె చుట్టూ తిరుగుతుంది. తెల్లారేసరికి ఎర్ర బాణం గుర్తుతో థంబ్‌నెయిల్ తయారవుతుంది. తాగి బండి నడపడం ప్రాణాంతకమైన నేరం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్, వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. ఆ శిక్షకు మొదలూ చివరా ఉన్నాయి. పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగం ఇంటర్వ్యూ దగ్గర మళ్లీ మళ్లీ పైకి వచ్చే వీడియోకు చివర లేదు. ఆ శిక్షను ఏ న్యాయమూర్తీ వేయలేదు. పరీక్షలో తాగలేదని తేలినవాళ్లూ అదే వీడియోలో ఉంటారు.

దీన్నుంచి మొదటి కొలత తేలుతుంది: చెప్పదలచిన విషయానికి ఆ ముఖం అవసరమా? తనిఖీల వార్తకు తనిఖీ చాలు, ముఖం అక్కర్లేదు. రోడ్డు గుంతల మీద కథనానికి గుంత కావాలి, అందులో పడ్డ మనిషి ముఖం కాదు. లంచం తీసుకునే ఉద్యోగి వీడియోలో మాత్రం ముఖమే విషయం.

రెండో కొలత బలాబలాలు. అధికారంలో ఉన్నవాడి వైపు తిరిగిన కెమెరాకు ఉన్న సమర్థన, దిక్కులేనివాడి వైపు తిరిగిన కెమెరాకు ఉండదు. అన్నం పొట్లం చేతికిచ్చి "అన్నా, కెమెరా వైపు చూడు" అనే దానం వీడియోల్లో, ఆకలితో ఉన్న మనిషి తన ముఖంతో ధర చెల్లిస్తున్నాడు. అతను తల ఊపినా అది సమ్మతి అనిపించుకోదు, కాదనే స్థితిలో అతను లేడు కాబట్టి.

మూడో కొలత మనిషి ఆ క్షణంలో ఉన్న స్థితి. ప్రమాదంలో రక్తమోడుతున్నవాళ్లు, ఆసుపత్రి మార్చురీ ముందు ఏడుస్తున్నవాళ్లు, మతి తప్పి తిరిగేవాళ్లు, పసిపిల్లలు తమ రూపాన్ని సర్దుకోలేరు. అక్కడ ఫోన్ పట్టిన చెయ్యి ముందు అంబులెన్సుకు ఫోన్ చేయాలి. ప్రమాద బాధితులకు సాయపడ్డవారిని వేధించకుండా మోటారు వాహనాల చట్టంలో 2019లో చేరిన 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది, కాబట్టి కేసుల భయం సాకు కాలేదు. అయితే బాధను చూపడం ఎప్పుడూ తప్పే అనడానికీ వీల్లేదు. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువుకు బలైన పసిబిడ్డను పూడ్చిపెడుతుండగా రఘు రాయ్, పాబ్లో బర్తొలొమ్యూ తీసిన చిత్రాలు లేకపోతే ఆ దుర్ఘటన ప్రపంచానికి అంకెలుగానే మిగిలేది. అక్కడ ప్రశ్న ఒక కంపెనీ బాధ్యత, ఒక ప్రభుత్వ బాధ్యత. రీలులో ఆ బరువుకు సమానమైనది ఏదో చూపగలిగితేనే ఈ పోలిక చెల్లుతుంది.

నాలుగో కొలత కాలం. అమెరికన్ ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవన్స్ 1938 నుంచి 1941 వరకు న్యూయార్క్ సబ్‌వేలో కోటు లోపల కెమెరా దాచి ప్రయాణికుల ముఖాలు తీశాడు. సమ్మతి అడగలేదు, కానీ పుస్తకంగా తేవడానికి 1966 దాకా ఆగాడు. దొంగచాటుగా తీసిన తప్పు ఆ పాతికేళ్ల ఆలస్యంతో పూర్తిగా చెరిగిపోదు, కానీ నష్టం మాత్రం బాగా తగ్గింది. ఇవాళ తీయడానికీ పంచడానికీ మధ్య ఉన్న వ్యవధి కొన్ని సెకన్లు. లైవ్‌లో అదీ లేదు.

అయిదోది సొమ్ము. సినిమా విడుదలైన రోజు హైదరాబాద్ ప్రసాద్స్ ముందు పబ్లిక్ టాక్ చెప్పేవాళ్లు మైకు చూసే మాట్లాడతారు, అక్కడ సమ్మతి కళ్లెదుటే ఉంది. ప్రాంక్ వీడియోలో భయపడి పరుగెత్తిన ముసలాయన సమ్మతి, ఇస్తే, తర్వాత ఇచ్చేది. అది కూడా "అదిగో అన్నా, కెమెరా" అని చుట్టూ జనం నవ్వుతుండగా. ఆ భయం మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో అతనికి వాటా ఉండదు.

పరిహారం, సవరణ

తన వీడియో బయటికి వచ్చిందని తెలిసిన మనిషికి ఇవాళ నాలుగు దారులున్నాయి. సామాజిక మాధ్యమ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయడం మొదటిది. నగ్నత, లైంగిక చర్య, మార్ఫింగ్ ఉన్నవాటిని ఫిర్యాదు అందిన కొన్ని గంటల్లోనే తొలగించాలని 2021 ఐటీ నియమాలు చెబుతున్నాయి. మామూలు దృశ్యాలకు ఆ తొందర లేదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లోనో ఫిర్యాదు చేయడం రెండోది. సివిల్ కోర్టులో నిలుపుదల ఉత్తర్వు, నష్టపరిహారం కోరడం మూడోది. ప్రభుత్వ సంస్థే తీసినట్టయితే హైకోర్టులో రిట్ పిటిషన్ నాలుగోది. అన్నింటికీ ముందు లింకులు, తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోవాలి. వీడియో తొలగించాక నేరం జరిగిందని చెప్పడానికి మిగిలేవి అవే.

మూడో దారి ఎవరికి అందుబాటులో ఉందో చూస్తే అసమానత తెలుస్తుంది. తన పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకుండా నాగార్జున 2025 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు నుంచి రక్షణ పొందారు. అంతకు ముందు హిందీ నటులు కొందరు పొందారు. నటుడి ముఖానికి మార్కెట్ విలువ ఉంది కాబట్టి న్యాయస్థానం దాన్ని వెంటనే గుర్తుపట్టింది. బస్టాపులో నిలబడ్డ మామూలు మహిళ ముఖానికి ఆ విలువ లేదు, పరువు మాత్రమే ఉంది.

ఈ ఖాళీ పూరించడానికి వీధిలో కెమెరాను నిషేధించనక్కర్లేదు. అలాంటి నిషేధాన్ని ముందుగా వాడుకునేది అధికారంలో ఉన్నవాళ్లే. కావలసింది ప్రచురణ మీద నియమం. ఒక మనిషి ప్రధానంగా, గుర్తుపట్టేలా కనిపించే చిత్రాన్ని సమ్మతి లేకుండా నలుగురిలో పెడితే, అడిగిన వెంటనే తీసేయడమో ముఖం బ్లర్ చేయడమో బాధ్యత కావాలి. దానితో డబ్బు సంపాదించి ఉంటే పరిహారం చెల్లించాలి. గుంపులో యాదృచ్ఛికంగా పడ్డ ముఖాలకు, సభలకు, వార్తలకు, కళకు, అధికారుల విధి నిర్వహణకు, నేరానికి సాక్ష్యమైన వీడియోలకు మినహాయింపు ఉండాలి. నిరసన ప్రదర్శనల్లో పాల్గొన్న మామూలు జనం ముఖాల విషయంలో ఆ మినహాయింపును కూడా సంకుచితంగానే చదవాలి. బాధితులు ఆడా మగా అన్న తేడా లేకుండా, ఏ అవయవం కనిపించిందన్న ప్రశ్నతో పని లేకుండా ఈ నియమం వర్తించాలి. ప్రభుత్వ కెమెరాల విషయంలో ఎవరు చూడవచ్చు, ఎన్నాళ్లు దాచవచ్చు, ఎవరికి ఇవ్వవచ్చు అన్న మూడూ శాసనంలో రాసి ఉండాలి. అలాంటి చట్టం వచ్చేదాకా, చేతిలో ఫోన్ ఉన్న ప్రతి మనిషీ పోస్ట్ బటన్ నొక్కేముందు ఆ అయిదు కొలతలనూ తానే వర్తింపజేసుకోవాలి.